అయిదు గంటల కూలీ

మా స్టాఫ్ రూములో ఒక నోటీసు బోర్డు ఉంది. పరీక్షల టైం టేబులు అంటించిన రోజున దాని దగ్గర ఎవరూ నిలబడరు. ఏదైనా ఉత్తర్వు అంటించారో, కళ్ళజోళ్ళు తుడుచుకుంటూ అందరమూ అక్కడే ఉంటాం. రెండేళ్ళ కిందట ఒకనాడు అక్కడ అరపేజీ కాగితం ఒకటి కనిపించింది. నాకన్న నాలుగేళ్ళు వెనక ఉద్యోగంలో చేరిన ఒక మిత్రుణ్ణి వైస్ ప్రిన్సిపాలుగా వేసినట్టు అందులో ఉంది.

చదివాను. మిత్రుడి చెయ్యి పట్టుకుని ఊపాను. ఆయన పంచిన మిఠాయి తిన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి నా ముఖం చూసి, "ఏమండీ, ఒంట్లో బాగులేదా?" అంది. ఏమని చెప్పను? పొద్దున కాలేజీకి వెళ్ళినప్పుడు నా జీతం ఎంతో తిరిగి వచ్చినప్పుడూ అంతే. అదే గది, అదే కుర్చీ, చెప్పవలసినవి అవే పాఠాలు. మధ్యలో పదకొండున్నరకి ఒక కాగితం చదివానన్న మాటే గాని నా దగ్గరనుంచి ఎవరూ ఏమీ పట్టుకుపోలేదు. అయినా పొద్దున ఉన్నవాడిగా వెళ్ళి సాయంత్రం లేనివాడిగా వచ్చాను.

ఆ రాత్రి నేను గొప్ప గణితశాస్త్రజ్ఞుణ్ణి అయ్యాను. తెలుగు ఎమ్మే చదివినవాడికి లెక్కలు రావని మా పిల్లలు ఎగతాళి చేస్తూ ఉంటారు. ఆ రాత్రి చూసి ఉంటే తెలిసేది! ఆయన రాసిన వ్యాసాలెన్ని, నేను రాసినవెన్ని. ఆయన పెట్టిన సెలవులెన్ని, నేను పెట్టినవెన్ని. పరీక్షల డ్యూటీలు ఎవరు ఎన్ని చేశాము. కూడికలు, తీసివేతలు తెల్లవారుజాము రెండు గంటలదాకా సాగాయి. ప్రతి లెక్కలోనూ నేనే నెగ్గాను. నెగ్గినకొద్దీ నిద్ర దూరమైంది.

లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1954లో ఈ సంగతి మీద ఒక సిద్ధాంతం ప్రకటించాడు. మనిషి తన విలువ తాను తెలుసుకోవాలనుకున్నప్పుడు, కొలవడానికి వేరే కొలబద్ద దొరక్కపోతే పక్కవాడితో కొలుచుకుంటాడట. అది కూడా ఎక్కడో ఉన్నవాడితో కాదు, దాదాపు తనలాంటివాడితోనేనట. ఎంత నిజం! టాటాగారి ఆస్తి ఎంతో తెలిసి నేను ఒక్క రాత్రి నిద్ర పోగొట్టుకోలేదు. నా పక్క కుర్చీ ఆయన రెండు గజాలు ముందుకు జరిగితే మాత్రం ఇల్లంతా చీకటి అయింది.

ఈ జబ్బుకు మన ఇళ్ళల్లో ఒక చిట్కా వైద్యం ఉంది. "పైవాళ్ళని చూడకు నాయనా, నీకన్న కిందవాళ్ళని చూసుకుని తృప్తిపడు" అంటారు పెద్దలు. సదుద్దేశంతోనే అంటారు. కాని నాకు ఆ మందు పడలేదు. పైకి చూస్తే పోలిక అయినప్పుడు, కిందికి చూస్తే మాత్రం పోలిక కాకుండా ఎలా పోతుంది? నా తృప్తికోసం ఇంకొకడు నాకన్న కింద ఉండాలన్న మాట. వాడు కాస్త పైకి వస్తే నా తృప్తి గతి ఏమిటి?

ఆ వారం చర్చికి వెళ్ళాను. మా కుటుంబం మూడు తరాలుగా బాప్టిస్టు సంఘంలో ఉంది. ఆరాధనలో ముందుగా పాడిన కీర్తన పురుషోత్తమ చౌదరిగారిది. 1803లో పుట్టి 1890 దాకా జీవించిన ఆ పర్లాకిమిడి ప్రాంతపు కవిని ఆంధ్ర క్రైస్తవ కవి పితామహుడని అంటారు. మన రాగతాళాల్లో ఆయన కట్టిన కీర్తనలు ఇప్పటికీ మా పుస్తకంలో ఉన్నాయి. పాడుతూ ఉంటే నాకు ఒక వెర్రి ఆలోచన వచ్చింది: ఈయన పక్కన పనిచేసినవాళ్ళలో ఈయనకన్న పెద్ద హోదాలో ఎవరుండేవారో! ఉండే ఉంటారు. వారి పేరు నాకు తెలియదు. తెలుసుకుందామని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనిపించలేదు.

పాస్టరుగారు ఆ రోజు మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలోని ద్రాక్షతోట కథ చెప్పారు. తెలియని పాఠకులకోసం ఆ కథ నా మాటల్లో చెబుతాను. ఒక ఆసామి తెల్లవారగానే వీధిలోకి వెళ్ళి, రోజుకు ఒక దేనారము కూలి మాట్లాడుకుని కొందరిని తోటలోకి పంపాడు. తొమ్మిదింటికి మళ్ళీ వెళ్ళాడు. పన్నెండింటికి, మూడింటికి కూడా వెళ్ళాడు. ప్రతిసారీ ఖాళీగా నిలబడ్డవాళ్ళని తోలాడు. చివరికి సాయంత్రం అయిదు గంటలకు వెళ్ళినా ఇంకా కొందరు అక్కడే నిలబడి ఉన్నారు. తమను ఎవరూ పనికి పిలవలేదన్నారు. వాళ్ళనీ పంపాడు. పొద్దుకుంకాక కూలి ఇవ్వమన్నాడు, అదీ చివర వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి. అయిదు గంటలకు వచ్చినవాడికి దేనారము ముట్టింది. తెల్లవారి వచ్చినవాడికీ దేనారమే ముట్టింది. ఎండంతా నెత్తిమీద మోసినవాళ్ళు సణిగారు. నీతో మాట్లాడుకున్న కూలిలో నీకేమీ తగ్గించలేదు కదా, నా సొమ్ము నేను ఇచ్చుకుంటే నీ కన్ను ఎందుకు కుట్టాలి అని ఆసామి అడిగాడు.

ఈ కథ చిన్నప్పటినుంచి విన్నాను. ఆ రోజున మాత్రం ఒక విశేషం తట్టింది. ఆసామి వరస తప్పకుండా పొద్దుటివాళ్ళకే మొదట ఇచ్చి ఉంటే ఏమయ్యేది? వాళ్ళు దేనారము కళ్ళకద్దుకుని, పిల్లలకి తినుబండారాలు కొనుక్కుని, హాయిగా ఇళ్ళకు పోయేవారు. అయిదు గంటలవాడికి ఎంత ముట్టిందో వాళ్ళకు తెలిసేదే కాదు. చేతిలో పడే డబ్బు రెండు విధాలా ఒక్కటే. చూడడంలోనే దుఃఖం ఉంది. ఆసామి కావాలనే చూడనిచ్చాడు! నోటీసు బోర్డు మీద కాగితం అంటించినట్టు.

చర్చినుంచి వస్తూ, "చూశావా, ఆ పొద్దుటి కూలీ నేనే" అన్నాను మా ఆవిడతో. నాలుగేళ్ళు ముందు చేరినవాణ్ణి కదా! ఎండంతా నాదే కదా! ఆవిడ నవ్వి ఊరుకుంది.

సోమవారం నాడు టీ తాగుతూ ఈ కథనే మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఒక కుర్రవాడితో చెప్పాను. కుర్రవాడంటే ముప్పైయెనిమిదేళ్ళవాడు. కాంట్రాక్టు లెక్చరరు. అందుకని మాకందరికీ ఇంకా కుర్రవాడే. అతను క్రైస్తవుడు కాడు. కథ శ్రద్ధగా విన్నాడు.

"బాగుంది మాస్టారూ. మరి అయిదు గంటలదాకా నిలబడ్డవాళ్ళు ఏమైపోయారు?" అన్నాడు.

"ఏమవుతారు, వాళ్ళకి కూలి దొరికింది కదయ్యా."

"అది కాదండీ. అయిదు గంటలదాకా అలా నిలబడి ఉన్నప్పుడు వాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పలేదు మీరు."

చెప్పలేదు. నిజమే. పాస్టరుగారూ చెప్పలేదు. శ్రీకాకుళంలో కూలీలు పొద్దున్నే వచ్చి నిలబడే కూడలి మీదుగా నేను రోజూ కాలేజీకి వెళ్తాను. తాపీలు, పారలు, గమేళాలు, గుడ్డలో కట్టిన క్యారేజీలు పట్టుకుని ఆడా మగా నిలబడి ఉంటారు. మేస్త్రి వచ్చి దిట్టంగా ఉన్నవాళ్ళని ఏరుకుంటాడు. తొమ్మిది దాటాక నిలబడి ఉన్నవాళ్ళ ముఖాల్లోకి చూడడం నాకు కష్టం. పది దాటితే ఒక్కొక్కరే క్యారేజీ విప్పకుండానే ఇంటి ముఖం పడతారు. ఎండలో పని చెయ్యడం కష్టమే. పని లేకుండా ఎండలో నిలబడడం అంతకన్న కష్టం. ఆ ఇంట్లోనూ అంతే మంది పిల్లలు, వాళ్ళకీ అంతే ఆకలి. ఒక దేనారము అంటే ఒక సంసారానికి ఒక రోజు గడవడానికి సరిపోయే కూలి. అందులో పన్నెండో వంతు చేతిలో పెట్టి పంపితే లెక్క సరిపోతుంది, కడుపులు నిండవు. ఆసామి లెక్క చూడలేదు, పొయ్యిని చూశాడు.

ఆ కుర్రవాడికి వారానికి ఎన్ని క్లాసులో నాకూ అన్నే. ప్రయోగశాలలో అదనంగా నిలబడతాడు కూడాను. అతని జీతం నా జీతంలో సగం లేదు. అదైనా అప్పటికి నాలుగు నెలలుగా రాలేదు. ఆ సంగతి అందరమూ ఎరిగినదే. నేను నా లెక్కలు కడుతూ మేలుకున్న ఆ రాత్రి, నన్ను చూసి లెక్క కట్టుకోవలసిన మనిషి ఒకడు అదే స్టాఫ్ రూములో నా ఎదుటి బల్ల దగ్గరే ఉన్నాడని నాకు తోచనే లేదు. ఇన్నేళ్ళూ కథలో నన్ను నేను పొద్దుటివాడిగానే ఊహించుకున్నాను. నన్ను పనికి పిలిచినవాళ్ళు కాస్త ముందుగా పిలిచారు, అంతే. ఎమ్మే అయిన ఏడు ఖాళీ ఉంది, దొరికింది. అతను పదేళ్ళ తరవాత కూడలికి వచ్చాడు, అప్పటికి ఖాళీలు లేవు. ఇందులో నా ఘనత ఎంత?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాటవేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. పోలికలు మానుకో, దేవుడిచ్చిన దానితో తృప్తిపడు అని ఆ కుర్రవాడికి నేను చెప్పవచ్చునా? నోరు రాదు. న్యాయం అనేదే పోలిక మీద నిలబడింది మరి. సమానమైన పనికి స్త్రీ పురుషులకు సమానమైన వేతనం ఉండాలని మన రాజ్యాంగం 39వ అధికరణంలో చెప్పింది. ఒకే రకం పని చేసే తాత్కాలిక ఉద్యోగికి కూడా రెగ్యులర్ ఉద్యోగి స్కేలులోని కనీస వేతనం దక్కాలని 2016లో పంజాబుకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడకుండా ఇలాంటి తీర్పు ఎలా ఇస్తారు? బైబిలు కూడా కూలివాడి కష్టం దగ్గర మెత్తగా మాట్లాడదు. పొద్దుకుంకే లోపల కూలి ఇచ్చెయ్యాలని మోషే ధర్మశాస్త్రం. బిగపట్టిన కూలి దేవుడి చెవిదాకా వెళ్ళి మొర పెడుతుందని యాకోబు పత్రిక. ద్రాక్షతోట ఆసామి చీకటి పడకముందే లెక్క తేల్చింది ఊరికే కాదు.

అందుచేత అన్ని పోలికలూ ఒక జాతివి కావని నాకు తోస్తుంది. అతనికి అన్నం ముట్టలేదని చూసే చూపు వేరు. అతనికి రెండో వడ్డన ఎందుకు పడిందని చూసే చూపు వేరు. నేను రెండేళ్ళ కిందట చూసింది రెండో చూపు. దాన్ని న్యాయం అని పిలిచి నన్ను నేను మోసం చేసుకున్నాను. విశ్వాసం నాకు మాన్పించవలసింది దాన్నే గాని మొదటిదాన్ని కాదు.

మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, బైబిలు స్త్రీగా పనిచేసింది. ఆ మాట ఇప్పటివారికి తెలియదు. కెనడా బాప్టిస్టు మిషను రోజుల్లో ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి సువార్త చెప్పి, చదువు నేర్పి, చిన్న చిన్న పుస్తకాలు అమ్మే స్త్రీలను అలా పిలిచేవారు. గొడుగు, గుడ్డ సంచీ పట్టుకుని నాగావళి ఒడ్డు పల్లెలన్నీ కాలినడకన తిరిగింది. నెలాఖరున అందరూ ఒకచోట చేరి, ఎన్ని ఇళ్ళు తిరిగారో, ఎంతమంది విన్నారో, ఎన్ని పుస్తకాలు అమ్మారో వరసగా లేచి చదవాలట. ఆవిడ జతగత్తె ఒకావిడ ఎప్పుడూ వందకు తక్కువ చదివేది కాదట. ఒక నెల మామ్మ లేచి, "పదకొండిళ్ళు" అని చదివింది. ఎవరో కిసుక్కున నవ్వారట. ఆ నెల ఒక ఇంట్లో బాలింతకు జ్వరం వస్తే గంజి కాచి పోస్తూ తొమ్మిది రోజులు అక్కడే ఉండిపోయింది. కాగితం మీద గంజికి గడి లేదు.

నేను హైస్కూల్లో చదువుకునే రోజుల్లో చెప్పింది ఈ కథ. "నీకు బాధ కలగలేదా మామ్మా?" అన్నాను.

"కలిగింది కాదేటిరా! దానికంటే నానేటి తక్కువని ఆ రాత్రల్లా దెబ్బలాడేను."

"ఎవరితో?"

"ఎవరితోటేటి, దేవుడితోటి. ఆయన ఏటీ అన్లేదు. తెల్లారింది. మళ్ళీ ఆ ఊరికే ఎల్లేను."

అప్పుడు నాకు ఈ కథలో పసలేదనిపించింది. దేవుడు ఏదైనా అని ఉంటే బాగుండుననుకున్నాను. ఇప్పుడు, ఆవిడ తగవు పెట్టుకున్నది జతగత్తెతో కాదన్న సంగతి దగ్గర నా మనసు ఆగిపోతూ ఉంటుంది. ఆవిడ మీద ఒక్క మాట అనకుండా, చెప్పవలసిన చోట చెప్పుకుని, పొద్దున లేచి గొడుగు పట్టుకుంది.

యోహాను సువార్త చివర ఇలాంటి ఘట్టమే ఒకటి ఉంది. మన కళింగపట్నం, భావనపాడు వైపు తెల్లవారుజామున ఒడ్డున నిలబడ్డవాళ్ళకి అది ఇట్టే కళ్ళకు కడుతుంది. రాత్రంతా వల వేసినా ఒక్క చేపా పడలేదు. తెల్లవారాక ఒడ్డునుంచి యేసు చెప్పిన పక్కన వేస్తే వల లాగలేనంత బరువయింది. లెక్కపెడితే నూటయాభైమూడు చేపలు. ఒడ్డున నిప్పుల మీద చేపలు కాలుతున్నాయి, రొట్టె ఉంది. తిన్నాక పేతురుకు పని ఒప్పజెప్పాడు. ఆ పని చివరికి ఎలాంటి చావుకు తీసుకుపోతుందో కూడా సూచించాడు. అంత పెద్ద మాట విన్న పేతురు ఏం చెయ్యాలి? వెనక్కి తిరిగి చూశాడు. వెనక యోహాను వస్తున్నాడు. అయితే ఈయన గతి ఏమిటని అడిగాడు! చావు కబురు వింటూ కూడా పక్కవాడి వాటా అడగడం మానలేదు మనిషి. అతని సంగతి నీకు అనవసరం, నువ్వు నా వెంట నడువు అన్న అర్థంలో యేసు జవాబు చెప్పాడు. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ జవాబును పట్టుకుని యోహాను చనిపోడట అని సహోదరుల్లో ఒక పుకారు పుట్టింది. అది నిజం కాదని సువార్తలోనే రాసుకోవలసి వచ్చింది. స్టాఫ్ రూములు ఆనాడూ ఉన్నాయన్న మాట.

ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు మన ప్రాంతపు స్నేహితులు ఇద్దరు గుర్తుకు వస్తారు. క్రైస్తవులు కారు, అయినా చెబుతాను, తెలుగు మేష్టరును గదా. గురజాడ 1862లో, గిడుగు 1863లో పుట్టారు. విజయనగరంలో ఒకే తరగతిలో చదువుకున్నారు. ఒకరు కన్యాశుల్కం రాశారు. రెండోవారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, లిపి అయినా లేని సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. వ్యాకరణం 1931లో వెలువడేనాటికి ఆయనకు అరవైయేడేళ్ళు దాటాయి. సవర నిఘంటువుకు జనం వన్స్‌మోర్ కొట్టరు. స్నేహితుడి నాటకంకేసి చూస్తూ కూర్చుని ఉంటే ఆ పని సాగేదా? ఇద్దరూ వాడుక భాషకోసం భుజం భుజం కలిపి పోట్లాడారు కూడాను.

నా సంగతి చెప్పాలి. పాస్టరుగారి సలహామీద రోజూ ప్రార్థనలో ఆ మిత్రుడి పేరు చెప్పడం మొదలుపెట్టాను. మొదటి వారం పచ్చి అబద్ధం ఆడుతున్నట్టు ఉండేది. పెదవులు ఆయన క్షేమం కోరుతూ ఉంటే, మనసు మాత్రం ఆ కుర్చీ కాలు విరగాలని కోరేది. కొన్నాళ్ళకి ఆయన కష్టాలు కనబడసాగాయి. రాత్రి ఎనిమిదిదాకా ఫైళ్ళు, పిల్లల తగవులు, పైనుంచి ఫోనులు. ఎంతో ఇష్టమైన సెకండియరు క్లాసు వదులుకోవలసి వచ్చింది. పాపం అనిపించింది. కాని ఆ పాపంలో ఒక తీపి ఉందని కూడా గమనించాను. 'ఆయనకీ సుఖం లేదులే' అనుకోవడం కూడా పాత లెక్కే, అంకెలు తిరగేసి రాయడమే. దీనిలోంచి పూర్తిగా బయటపడ్డానని నేను మీకు చెప్పలేను. క్లాసులో పద్యం చెబుతూ ఉండగా, వెనక బెంచీ పిల్లవాడొకడు తలెత్తి వినడం మొదలుపెట్టిన క్షణంలో మాత్రం నాకు ఎవరి హోదా గుర్తుండదు. ఆ నలభై అయిదు నిమిషాలూ నా దేనారము నా చేతిలో ఉంటుంది.

మొన్నటి మాట. కాంట్రాక్టువారి బాకీ జీతాల విషయమై పైవారికి ఒక విజ్ఞప్తి పంపాలన్నారు. తెలుగు మేష్టరును కాబట్టి చిత్తు రాసే పని నామీద పడింది. రెండు రాత్రులు కూర్చుని రాశాను. లెక్కలు కట్టాను. ఈసారి కట్టినవి వేరొకరి నెలలు, వేరొకరి రూపాయలు. ఎందుచేతనో నిద్ర బాగానే పట్టింది. భౌతికశాస్త్రం కుర్రవాడు చిత్తు చదివి, "మాస్టారూ, ఇక్కడ 'ప్రార్థిస్తున్నాము' అన్నది తీసేసి 'కోరుతున్నాము' అని పెడదామండీ" అన్నాడు. ఎందుకన్నాను. "ప్రార్థన మీరు చర్చిలో చేసుకోండి. ఇది మాకు రావలసిన డబ్బు కదా" అన్నాడు. దిద్దాను.

సంతకాలకోసం కాగితం గది గదికీ తిరిగింది. రెగ్యులర్ వాళ్ళలో సంతకం పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. కొందరు చదివి, రేపు చూద్దామన్నారు. సాయంత్రం నా దగ్గరకు వచ్చేసరికి కాగితం మీద అన్నిటికన్న పైన మా వైస్ ప్రిన్సిపాలుగారి సంతకం ఉంది. ఆ పదవిలో ఉండి సంతకం పెట్టడం అంత తేలిక కాదు, పైనుంచి మాట వస్తుంది. అది నాకు తెలుసు.

చిత్తు రాసినవాణ్ణి నేను, మొదటి సంతకం ఆయనది. ఆ సంగతి చూశాను. చూడలేదని మీతో అబద్ధమాడను. కలం మూత తీసి ఆయన పేరు కింద నా పేరు రాశాను.